సిస్టరమ్మ కట్టు కట్టిన మేక

సెల్లారులో మేక అరిస్తే ఆ అరుపు కార్ల మధ్య నాలుగు చుట్లు తిరిగి, లిఫ్టు సందులోంచి పైకెక్కి, నాలుగో అంతస్తులో పళ్ళు తోముకుంటున్న మనిషి దాకా వస్తుంది. సైనిక్‌పురిలోని మా అపార్ట్‌మెంటుకు ఈ వారం బక్రీదు కోసం మూడు మేకలు వచ్చాయి. పార్కింగు జాగా కోసం రోజూ కొట్లాడుకునే మా అసోసియేషన్ వాళ్ళు, జాగా ఆక్రమించిన ఆ మూడింటి మీద మాత్రం ఇంకా మీటింగు పెట్టలేదు. ఈ పొద్దున వాటిలో ఒకటి అరిచింది. అరుపుతో పాటు మేతకు వేసే సుబాబుల్ ఆకుల పచ్చివాసన కూడా వచ్చిందో, వచ్చిందని నేననుకున్నానో తెలియదు. నోట్లో నురగ ఉండగానే ఒక నిర్ణయానికి వచ్చాను: సిస్టరమ్మ గురించి రాయాలి.

ఇదొక మహాగాథ. ఇందులో త్యాగం ఉంది, నెత్తురు ఉంది, తువ్వాలులో దాచిన కత్తి ఉంది, ఒక పచ్చి అబద్ధం ఉంది, రెండు బంగారు గాజులున్నాయి, దైవాజ్ఞ ఉంది, మరణం ఉంది. మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

సరే, అంత లేదు. ఉన్నది ఒక మేకపోతు, ఒక రిటైరైన నర్సు, మెట్టుగూడలో ఒక మూడంతస్తుల ఇంటి మెట్లు. నీళ్ళు మీ ఇష్టం.

సిస్టరమ్మ అసలు పేరు మహబూబ్‌బీ. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి పించను పుచ్చుకుంది కాబట్టి మా సందులో ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. పోస్టుమాన్ కూడా కవరు మీది పేరు చదివి, "సిస్టరమ్మా, మహబూబ్‌బీ అంటే ఎవరు?" అని ఆమెనే అడిగేవాడు. భర్త చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. డాబా మీది ఒంటిగదిలో ఉండేది. రెండో అంతస్తులో మేము. మా అబ్బ, అంటే నాన్న, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఖమ్మం నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి ఇంట్లో తెలుగు, పండక్కి వచ్చే చుట్టాలతో పరీక్ష రాస్తున్నట్టు ఉర్దూ. కింద ఇంటి ఓనరు నర్సింహ అంకుల్. ఈ కథకు ఇంతమంది చాలు.

ఏడేళ్ళప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ నన్ను డాబా మీదికి ఎత్తుకెళ్ళింది. సూది అనగానే నేను ఇల్లు ఎగిరిపోయేలా ఏడవడానికి సిద్ధమయ్యాను. అప్పటిదాకా నాకు సూదులు వేసిన డాక్టర్లందరూ "నొప్పే ఉండదు నాన్నా" అని అబద్ధమాడినవాళ్ళే. సిస్టరమ్మ దగ్గర సూది కనబడలేదు. పచ్చంచు తెల్ల తువ్వాలొకటి ఒళ్ళో ఉంది, అంతే.

"నొప్పయితది," అంది. "మూడు లెక్కబెట్టేదాక అయితది. తర్వాత పోతది."

"సూది ఏది?"

"అది నా పని, నీకెందుకు. నీ పని ఏడ్సుడు. ఏడువు, నేనాగుత."

పని అప్పగించాక ఎవరికైనా ఉత్సాహం చస్తుంది. నేను ఏడవలేకపోయాను. ఆమె ఒకటి, రెండు, మూడు అంది. నొప్పి సరిగ్గా చెప్పినంతసేపే ఉండి పోయింది. నేను కట్టిన నాటకానికి మొదటి అంకంలోనే తెర దించిన మనిషి ఆమె. ఈ రోజు ఎవరైనా నా ముందు గొంతు పెంచి కన్నీళ్ళ దాకా వెళ్తుంటే నాకు నవ్వొస్తుందంటే, ఆ రోగం అంటించింది కూడా ఆమే. నర్సులు జబ్బులు తగ్గిస్తారనే అందరూ అనుకుంటారు.

ప్రతి బక్రీదుకూ సిస్టరమ్మ సొంతంగా ఒక మేకపోతును ఖుర్బానీ ఇచ్చేది. సందులో మిగతావాళ్ళు పండగ ముందురోజు కొనేవాళ్ళు. మేత ఖర్చు తక్కువ, పెంట తక్కువ, ఓనరుతో గొడవ తక్కువ. ఈమె మాత్రం పది రోజుల ముందే కొని డాబా మీద కట్టేసేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"మొకం తెల్వనిదాన్ని ఇస్తే ఇచ్చినట్టెట్లయితదిరా ఖాజా? బజార్ల కొన్నం, బజార్ల అమ్మినం అన్నట్టయితది."

నేను డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఏడాది, ఆ పది రోజులు మేకను మేపే పని నాకు పడింది. ఇంట్లో పనిలేనివాడు ఒకడే ఉన్నప్పుడు ఎంపిక త్వరగా అయిపోతుంది. గోధుమరంగు మేకపోతు, నుదుటి మీద తెల్ల మచ్చ. దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి చెయ్యీ వాసన చూసేది, జేబులు సోదా చేసేది, కాగితం దొరికితే లాక్కుని నమిలేది. మొదటి రోజే నా హాల్‌టికెట్ తినేసింది. రైల్వేవాళ్ళ సందు కదా, పేరు దానంతటదే పడిపోయింది: టీసీ. మెట్ల మీద పెంట పడుతోందని నర్సింహ అంకుల్ రోజూ తిట్టేవాడు. పొద్దున వాకింగు నుంచి వస్తూ ఒక రావికొమ్మ విరుచుకొచ్చి, తిట్టడం పూర్తయ్యాక దానికి పెట్టేవాడు.

పండగ ఇంకా మూడు రోజులుందనగా నేను నా జీవితంలోకెల్లా గొప్ప రీల్ తీయాలనుకున్నాను. టీసీకి నా నల్లద్దాలు పెట్టాను, మెడలో ఎర్ర తువ్వాలు వేశాను. అది హీరోలా మెట్లు దిగుతూ రావాలి, నేను వెనక్కి నడుస్తూ ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో తాడు పట్టుకుని తీయాలి. మేకలు కొండలెక్కుతాయని పుస్తకాల్లో ఉంటుంది. పాలిషు పెట్టిన బండల మెట్ల గురించి, నల్లద్దాల గురించి పుస్తకాల్లో ఉండదు. ఐదో మెట్టు దగ్గర దాని ముందుకాలు జారి రెయిలింగు కడ్డీల మధ్యకు పోయింది, ఒళ్ళు ఇటు పడింది. ఒక చప్పుడు వచ్చింది. అది దేని చప్పుడులా ఉందో పోల్చి చెప్పడం నాకిష్టం లేదు. ఎముక చప్పుడులా ఉంది. టీసీ అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

ఎత్తుకుని డాబా మీదికి తీసుకెళ్ళి గూటానికి కట్టేసి, సిస్టరమ్మ తలుపు కొట్టాను.

"సిస్టరమ్మా, టీసీ కాలు బెణికినట్టున్నది. అదే దునికింది."

ఆమె బయటికొచ్చి మేకను చూసింది. తర్వాత నన్ను చూసింది. మళ్ళీ మేకను చూసింది. దాని ఎడమ చెవికి నా నల్లద్దాలు ఇంకా వేలాడుతున్నాయి.

"అద్దాలు సుత అదే పెట్టుకున్నదా?"

నేను తల వంచుకున్నాను. తిడితే ఒక పద్ధతి ప్రకారం క్షమాపణ చెప్పుకునేవాణ్ణి. ఆమె నాకు ఆ అవకాశమివ్వకుండా లోపలికెళ్ళి దూది, పట్టీ, పాత చాపలోంచి విరిచిన వెదురు బద్దలు తెచ్చింది. టీసీ తల నా ఒళ్ళో పెట్టి పట్టుకోమంది. విరిగిన కాలిని వేళ్ళతో మెల్లగా తడిమి, నిటారుగా చేసి, దూది చుట్టి, బద్దలు పెట్టి, పట్టీ కట్టింది. నాకు ఊరికే ఉండడం చేతకాదు.

"మూడు రోజులైతే కోసే మేకకు కట్టెందుకు సిస్టరమ్మా?"

ఆమె చేతులు ఆగలేదు. "ఆ మూడు రోజులు నొప్పి ఎవరికి, నీకా?"

అంతే అంది. ఆ తర్వాత చాలామంది పెద్దలు జీవహింస గురించీ దయ గురించీ చాలా గంటలు మాట్లాడగా విన్నాను. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినవాళ్ళు తక్కువ. మర్నాడు పొద్దున ఆటోలో పశువుల దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరు కట్టు చూసి, "ఎవరు కట్టిండ్రు? మస్తు కట్టిండ్రు," అని మెచ్చుకుని నొప్పి సూది వేశాడు. ఆయన సూది పైకెత్తి చూస్తుంటే సిస్టరమ్మ తన తువ్వాలు మేక కళ్ళ మీద వేసింది.

అసలు చిక్కు ఆ సాయంత్రం మొదలైంది. మా మసీదు ఇమాంసాబుకు బీపీ ఉంది, వారానికోసారి సిస్టరమ్మ దగ్గరికొచ్చి చూపించుకుంటాడు. చేతికి పట్టీ చుట్టించుకుని కుర్చీలో కూర్చుని ఉండగానే ఆయన టీసీని చూశాడు. అది మూడు కాళ్ళ మీద గెంతుతూ వచ్చి ఆయన జేబు సోదా చేసింది. ఇలా కాలు నేల మీద పెట్టలేని జంతువు ఖుర్బానీకి పనికిరాదని మాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుడ్డిది, జబ్బుది, కుంటిది ఇవ్వకూడదు. ఇంట్లో పనికిరానిదాన్ని దేవుడికి అంటగట్టడం కాదు గదా ఇది. అయితే ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఇమాంసాబు దాన్ని చాలా ప్రేమగా తీసి ఆమె ముందు పెట్టాడు.

"కొన్నంక కాలిరిగింది కాబట్టి, ఉన్నోళ్ళయితే ఇంకోటి కొనాలె. లేనోళ్ళయితే ఇదే చెల్లుతది. మీరు ఒక్కరే, పించను మీద బతికేటోళ్ళు. చెల్లుతదమ్మా, పరేషాన్ కావద్దు."

నా గుండె మీదనుంచి బండ దిగింది. నేను మినహాయింపుల మతానికి చెందినవాణ్ణని ఆ క్షణంలో తెలిసింది. సిస్టరమ్మ చేతులకున్న రెండు బంగారు గాజులూ తీసి బీపీ మిషను పక్కన పెట్టింది.

"ఇవి ఉన్నై కద ఇమాంసాబ్. ఇంత బంగారం ఉన్నోళ్ళ మీద ఖుర్బానీ విధి అని మీరే చెప్తరు. ఇవి ఏసుకొని లేనిదాన్ననుడు ఎట్ల?"

"అవి మీ ఆయన గుర్తులమ్మా."

"గుర్తులే. బంగారం గుర్తులు." గాజులు మళ్ళీ వేసుకుని మిషను చూసింది. "మీ బీపీ పెరిగింది. ఉప్పు తగ్గియ్యాలె."

ఆయన వెళ్ళాక డాబా మీద నేనూ ఆమే మిగిలాం. పండగ ఎల్లుండి. ఆమె పించను మొత్తం టీసీకే అయిపోయిందని నాకు తెలుసు. ఏళ్ళ తరబడి తప్పకుండా ఇస్తున్న ఆమె ఖుర్బానీ నా రీల్ వల్ల ఈ ఏడు తప్పిపోబోతోంది. లేదంటే ఆ గాజులు పోతాయి. నేను నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, సాయంకాలపు ఎండ ముఖం మీద పడేలా తిరిగి, చెప్పాను:

"సిస్టరమ్మా, నా ఫోన్ అమ్మేస్తా."

ఇక్కడ ఆమె కళ్ళు తుడుచుకుని "వద్దు బేటా" అనాలి. నేను ఆగి ఎదురుచూశాను కూడా.

"మంచిది," అంది. "దుకాణం ఎనిమిదింటికి బందయితది. జల్ది పో."

ఫోన్ అమ్మగా వచ్చినదానికి తక్కువ పడిన డబ్బు మా అబ్బ వేశాడు. "ఫోన్ ఏదిరా?" అని అమ్మ అడిగితే "మేకయింది" అన్నాను. "మంచిగయింది," అంది అమ్మ. ఆ ఇంట్లో నా మీద జాలి పడే మనిషి లేకుండా ఏర్పాట్లు జరిగాయి.

మర్నాడు సిస్టరమ్మ నన్ను మేకల సంతకు తీసుకెళ్ళింది. వార్డు రౌండుకు వచ్చినట్టు వచ్చింది. ప్రతి మేక నోరూ తెరిచి కింది పళ్ళు చూసింది, రెండు పాలపళ్ళు ఊడి పెద్దవి వచ్చాయంటే ఏడాది నిండినట్టు. కళ్ళ ముందు వేలు ఆడించింది, చెవులు తిరగేసింది, నాలుగడుగులు నడిపించి చూసింది. అమ్మేవాడు విసుగ్గా, "అమ్మా, పెండ్లికి చూస్తున్నవా?" అన్నాడు. "పెండ్లికయితే గింత చూడరు," అంది. నల్ల మేకనొకదాన్ని తెచ్చాం. దాన్ని డాబా మీద కట్టేశాక టీసీ తాడు విప్పి నా చేతిలో పెట్టింది.

"ఇగ ఇది నీది. నువ్వు నాకు మేకనిచ్చినవ్, నేను నీకు మేకనిస్తున్న."

"నేనేం చేసుకోవాలె సిస్టరమ్మా?"

"కాలు తీసినోనివి నువ్వే. కాలు తెచ్చుడు సుత నీ పనే."

పండగ రోజు నమాజు అయ్యాక కసాయి వచ్చాడు. కూర్చోగానే సంచీలోంచి కత్తి తీసి, నల్ల మేక ముందే ఆకురాయి మీద నూరడం షురూ చేశాడు. సిస్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "లోపల గదిలకు పోయి నూరుకో. దానికి కత్తి కనబడొద్దు. ఆ కుంటిదాన్ని సుత కిందికి తీసుకపో ఖాజా, ఒకటి చూస్తుండగ ఇంకోదాన్ని కోయొద్దు."

"అమ్మా, నాకు ఇంకా పన్నెండు ఇండ్లున్నై," అన్నాడు కసాయి.

"నీకు పన్నెండున్నై. దానికి ఇదొక్కటే ఉన్నది."

అతను కత్తి తీసుకుని లోపలికెళ్ళాడు. నేను టీసీని ఎత్తుకుని కిందికి వచ్చేశాను. ఆ రోజు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. నల్ల మేక నాకు ఒక్క రోజు పరిచయం. నా ఫోన్ గురించే ఎక్కువ బాధపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు. అప్పుడూ లేదు.

ఆరువారాలకు కట్టు విప్పాం. కాలు పుల్లలా సన్నబడి ఉంది. రోజూ పొద్దునా సాయంత్రం నువ్వులనూనె రాసి, డాబా మీద ఈ గోడ నుంచి ఆ గోడకు నడిపించమంది సిస్టరమ్మ. నడిపించాను. వానాకాలం పోయేసరికి సందు చివరిదాకా నడిచేవాళ్ళం. చేతిలో ఫోన్ లేని మనిషికి మేకతో నడవడం తప్ప పెద్ద పనులుండవు. ఇంటర్వ్యూలకు డాబా మీదే సాధన చేసేవాణ్ణి. నా గురించి నేను చెప్పుకుంటుంటే ప్రతి వాక్యానికీ తల ఊపి, చివర్లో రెజ్యూమె తినేసే ఇంటర్వ్యూయరు నాకు మళ్ళీ దొరకలేదు. చలికాలంలో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గేటు తీస్తే, డాబా పిట్టగోడ మీదనుంచి తల బయటపెట్టి ఒక్క అరుపు అరిచేది. అమ్మ ఆ అరుపు విని టీ పెట్టేది.

మళ్ళీ బక్రీదు పది రోజులుందనగా సిస్టరమ్మ అడిగింది. "ఇప్పుడు నువ్వు సంపాయించేటోనివి. నీ మీద సుత ఉన్నది ఖుర్బానీ. ఏం చేస్తున్నవ్?"

"సంతకు పోదాం."

"పోదాం," అంది.

టీసీ గురించి ఒక్క మాట అనలేదు. అది నా పక్కనే నిలబడి నా చొక్కా అంచు నములుతోంది. ఎవరూ ఏమీ అనకపోయినా నేనే అందుకున్నాను. "అంటే, ఇది పనికిరాదు కదా సిస్టరమ్మా. కుంటుతది."

"కుంటుతదా?"

"జెర."

"అయితే ఇమాంసాబును చూడమందాం. ఎట్లయినా బీపీకి వస్తడు."

ఇమాంసాబు వచ్చే ముందు రోజు నేను టీసీకి కుంటడం నేర్పడానికి ప్రయత్నించాను. చదువుకున్నవాణ్ణి, ఆఫీసులో కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చే పని కూడా చేస్తున్నవాణ్ణి. దాని ముందు అటూ ఇటూ కుంటుతూ నడిచాను. అది కాసేపు చూసి, దగ్గరికి వచ్చి, నా మోకాలు వాసన చూసింది. మర్నాడు ఇమాంసాబు, అమ్మ, రావికొమ్మతో నర్సింహ అంకుల్, అందరూ నిలబడి చూస్తుండగా, టీసీ డాబా ఈ చివర నుంచి ఆ చివరికి మంత్రిగారు రిబ్బను కత్తిరించడానికి వెళ్తున్నట్టు నడిచింది. చలికాలమంతా కాస్త ఈడ్చిన కాలు ఆ రోజు ఈడ్వలేదు. నా నూనె అంత బాగా పనిచేసింది.

"మాషా అల్లా," అన్నాడు ఇమాంసాబు. "బేషుగ్గ చెల్లుతది." నా ముఖం చూసి మళ్ళీ అన్నాడు. "అయితే ఇదే ఇయ్యాలని లేదు బేటా. వేరేది తెచ్చి ఇచ్చినా విధి తీరుతది. ఇది నీది, నీ ఇష్టం."

మతం బలవంతపెడితే ఎదురు తిరగొచ్చు. ఇలా నీ ఇష్టం అని వదిలేస్తే ఎక్కడికి పోతాం? ఆ ఆదివారం మధ్యాహ్నం డాబా మీద సిస్టరమ్మ ఉతికిన పట్టీలు చుట్టలు చుడుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నువ్వయితే ఏం చేస్తవ్ సిస్టరమ్మా?"

"నేనయితే నిన్ను అడుగుతుంటినా?"

"కట్టు కట్టి బతికిచ్చినవ్. నేను ఏడాది మేపిన. మళ్ళ కోసుడేంది?"

ఆమె చుట్ట చుట్టడం ఆపింది. నాకు గుర్తున్నంతలో ఆమె చేతిలో పని ఆపి మాట్లాడింది ఆ ఒక్కసారే.

"నా చేతుల మీద ఎంతమంది బతికిండ్రు, ఎంతమంది పోయిండ్రు. కట్టు అందరికి ఒక్క తీరుగనే కట్టిన. బతికిచ్చినదాన్ని నేను కాదురా. నా కాడ ఉన్నన్ని దినాలు తక్లీఫ్ లేకుంట చూసుడు, గంతే నాది." చేతిలోని పట్టీ పక్కన పెట్టి అంది. "ఇబ్రాహీం ప్రవక్తను కొడుకునే అడిగిండు దేవుడు. కత్తి పెట్టినంక పొట్టేలును పంపిండు. మరి ఆయనకు కావాల్సింది పిలగాని ప్రాణమా? కాదు. ఇప్పుడు సుత నెత్తురు పైకి పోదు, మాంసం పోదు. మాంసం మనమే పంచుకుంటం. నీకు ఇయ్యబుద్ధి అయితలేదు చూడు, అది పోతది పైకి."

"సంతల కొన్నది ఇస్తే తప్పా?"

"తప్పెందుకయితది? మస్తుమంది ఇస్తరు. మంచిదే." మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. "సంతకు పోతే మాత్రం మంగళారం పోదాం. రేపు నాకు కండ్ల దవాఖాన ఉన్నది."

ఆమె ఇంకొక్క మాట నొక్కి చెప్పి ఉంటే నేను మొండికేసి సంతకు పోయేవాణ్ణి. మంగళవారం దాకా ఆలోచించాను. ఆఫీసులో, బస్సులో, టీసీతో సందు చివరికి నడుస్తూ. నా దగ్గర ఇవ్వడానికి సులువైనవి చాలా ఉన్నాయని, వాటినే ఇస్తూ బతుకంతా గడిపేయొచ్చని, ఎవరూ పట్టుకోరని అర్థమైంది. ఆ చివరి మాటే నాకు నచ్చలేదు. మంగళవారం పొద్దున డాబా మీదికెళ్ళి, "సంతకు వద్దు సిస్టరమ్మా," అన్నాను. ఆమె "సరే" అంది. భుజం తట్టడం, గర్వపడడం లాంటివి ఆ ఇంట్లో దొరకవు.

పండగ పొద్దున నమాజు చదివి వచ్చాను. టీసీకి నీళ్ళు పెట్టాను, తాగింది. కత్తి ముందురోజే కింద మా ఇంట్లో నూరి ఉంచాను. సిస్టరమ్మ దాన్ని పచ్చంచు తువ్వాలులో చుట్టి తన ఒళ్ళో పెట్టుకుంది. కోసేది నేనే, కసాయి పక్కనే ఉంటాడు అనుకున్నాం. మెల్లగా ఎడమ పక్కకు పడుకోబెట్టి, ముఖం పడమటికి, నమాజుకు తిరిగే కిబ్లా దిక్కుకు తిప్పాం. అది తల ఎత్తి నా చెయ్యి వాసన చూసింది. కాగితమేమీ లేదు. సిస్టరమ్మ దాని కళ్ళ మీద అరచెయ్యి పెట్టి, వంగి, చెవి దగ్గర అంది: "అయితది. మూడు లెక్కబెట్టేదాక అయితది. తర్వాత పోతది."

అది మేకతోనే అందని నేను చాలా రోజులు అనుకున్నాను.

తువ్వాలు మడత నా వైపు జరిపింది. "బిస్మిల్లా, అల్లాహు అక్బర్" అన్నాను. చెయ్యి వణకలేదు. వణికితే నొప్పి దానికి. కత్తి పదునుగా ఉంది. ఒకటి, రెండు, మూడు.

ఆ తర్వాత నేను జోకేమీ వెయ్యలేదు. ఆ రోజు మా ఇంట్లో పెద్ద వార్త అదే. కసాయి చర్మం తీసి, ముక్కలు కొట్టి ఇచ్చాడు. అతని కూలి విడిగా ఇచ్చింది సిస్టరమ్మ. మాంసమో తోలో కూలి కింద జమ చేస్తే అది వ్యాపారమవుతుందని ఆమె లెక్క. మూడు వాటాలు వేసింది: ఇంటికొకటి, చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ ఒకటి, లేనివాళ్ళకొకటి. మెత్తటి ముక్కలన్నీ మూడో వాటాలోకే పోతున్నాయని నేను గమనించాను. ఆ సంచులు స్కూటరు మీద ఆసుపత్రిలో ఆమెతో పనిచేసిన ముసలి ఆయమ్మ ఉండే బన్సీలాల్‌పేట్ ఇంటికీ, అక్కడినుంచి ఇంకో నాలుగు ఇళ్ళకూ నేనే ఇచ్చొచ్చాను. నర్సింహ అంకుల్ ఆ పొద్దున అలవాటు ప్రకారం రావికొమ్మతో డాబా ఎక్కాడట. ఉత్త గూటం చూసి, కొమ్మను పిట్టగోడ మీద పెట్టి దిగిపోయాడట. అమ్మ అంకుల్ వాటా పంపితే, ఈ వారం మాంసం ముట్టనన్నాడు. ఏం వారమని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం సిస్టరమ్మ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. నేను చెయ్యి పెట్టలేదు.

"తినాలె," అంది. "ఇచ్చి అలిగితే ఇచ్చినట్టు కాదు."

తిన్నాను. ఆమె కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "ఉప్పు తక్కువయింది," అంది. నిజంగానే తక్కువైంది.

సిస్టరమ్మ రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం, ఎవరికీ తక్లీఫ్ ఇవ్వకుండా, పట్టీలు చుడుతూ చుడుతూ పోయింది. గాజులు ఆ బన్సీలాల్‌పేట్ ఆయమ్మ మనవరాలికి ఇమ్మని ముందే ఇమాంసాబుకు చెప్పి పెట్టింది. నాకేమీ రాసివ్వలేదు. పచ్చంచు తువ్వాలు మాత్రం నేను అడక్కుండా తెచ్చుకున్నాను. దాన్ని దొంగతనమంటారా, వారసత్వమంటారా అన్నది ఇమాంసాబును ఇంకా అడగలేదు; ఆయన బీపీ ఇప్పుడు నేనే చూస్తున్నాను కాబట్టి అడిగినా గట్టిగా ఏమీ అనడు. ఆమె దగ్గర నేర్చుకున్నది పెద్దగా లేదు. నొప్పి ఎంతసేపు ఉంటుందో ముందే నిజం చెప్పాలి. అవసరం లేనివాళ్ళకు కత్తి చూపించకూడదు. ఇచ్చేటప్పుడు ముఖం తెలిసినదాన్ని ఇవ్వాలి, ఇచ్చాక అలగకూడదు. మేకలతో, మనుషులతో, ఉద్యోగాలతో ఇప్పటిదాకా వీటితోనే నెట్టుకొస్తున్నాను.

ఇందాక నోరు కడుక్కుని సెల్లారుకు దిగాను. రెండో అంతస్తు అబ్బాయి గోధుమరంగు మేకకు నల్లద్దాలు పెట్టి ఫోన్ ఎత్తాడు. "అద్దాలు తియ్," అన్నాను. "ఎందుకన్నా?" అన్నాడు. "దాని పేరేంది?" అని అడిగాను. ఇంకా పెట్టలేదన్నాడు. పండగ ఎల్లుండి. మూడు ఇళ్ళవాళ్ళూ కోసేటప్పుడు నన్ను రమ్మన్నారు. కసాయి జనరేటరు గదిలోకెళ్ళి కత్తి నూరుకోవాలని, ఒకటి ముందు ఇంకోదాన్ని కోయకూడదని, నీళ్ళు పెట్టాలని చెప్పాను. మేక నా చెయ్యి వాసన చూసింది, జేబులోంచి అసోసియేషన్ వాళ్ళ నోటీసు లాగింది. సగం తినేలోపు లాక్కుని చదివాను. పండగ రోజు మున్సిపాలిటీ చెత్తబండి పదకొండింటికి వస్తుంది. వ్యర్థాలు రెండు కవర్లలో కట్టి గేటుకు ఎడమ పక్కన పెట్టాలి. పదకొండు దాటితే మళ్ళీ సాయంత్రం ఆరింటికే.